ఎంత దూరమైనా ఒకటే రేటు

సోమవారం పొద్దున్నే యశోదమ్మ మళ్లీ వచ్చింది. ఇది మూడోసారి. కుట్టుమిషను తలకాయను పాత చీరలో మూటగట్టి, పొట్టకు అదుముకొని, బస్టాండు నుంచి నడిచే వచ్చింది. పన్నెండు కిలోల ఇనుము అది. మూటను మున్వర్ బల్ల మీద దించి, కొంగుతో మెడ తుడుచుకొని, గోడకు ఆనుకొని కూలబడింది. తిట్టడానికి కూడా ఓపిక లేనట్టుంది. రెండు తిట్లు తిట్టుంటే మున్వర్‌కు కాస్త హాయిగా ఉండేది.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్క సందులో మున్వర్ అంగడి. అంగడంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల గది, ఒక బల్ల, గోడకు వరసగా మేకులు, మేకులకు తోలు బెల్టులు. కుట్టుమిషన్లు బాగుచేయడం తప్ప ఆ మనిషికి వేరే పని రాదు, వస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. పోయినేడు వంటింటికి రేకులు వేయబోయి పక్కింటి పిట్టగోడ కూల్చిన ఘనుడు. కానీ మిషను ముందు కూర్చున్నాడంటే, చెవి ఆనించి లోపల ఏ పళ్లచక్రం ఏడుస్తున్నదో చెప్పేస్తాడు.

ఆ రోజు కూడా మూట విప్పి, తలకాయను అంగట్లో ఉండే తన స్టాండుకు బిగించి, గుడ్డముక్క పెట్టి తొక్కాడు. ఒక్క కుట్టు తప్పలేదు. పోయిన రెండుసార్లూ ఇంతే జరిగింది. బాబిను మార్చి, నూనె పోసి పంపిస్తే, ఆమె ఇంటికి పోయి తొక్కగానే దారం పుటుక్కున తెగుతుంది.

యశోదమ్మది జమ్మలమడుగు అవతల, పెద్దముడియం దగ్గర చిన్న పల్లె. రెండు బస్సులు మారాలి. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఆ కాళ్లకూ నడుముకూ జీరో టికెట్టు కొట్టేవాళ్లు ఎవరూ లేరు. మొదటిసారే ఆమె ఇంటికి రమ్మని అడిగింది. ఊళ్లో అయితే నూటయాభై, బయటికైతే పెట్రోలు ఖర్చు వేరే, మీ ఊరికి ఇంకో రెండొందలు పైన పడుతుంది అని మున్వర్ చెప్పాడు. అది అతను కనిపెట్టిన మాట కాదు, ఊళ్లో మెకానిక్కులందరూ చెప్పే మాటే. ఆమె వేళ్ల మీద ఎన్ని జాకెట్లు కుడితే అంతవుతుందో చూసుకొని, తలకాయను తానే మోసుకొస్తానంది.

"అన్నా, నీ దగ్గర ఇది బాగానే ఆడుతుంది. నా దగ్గరికొస్తేనే దీనికి రోగం," అంది యశోదమ్మ. "నేనేమన్నా తప్పుగా తొక్కుతాండానా? ఇరవై ఏండ్ల నుంచి కుడతాండా నేను."

ఆమె గొంతులో నిజంగానే అనుమానం ఉంది. ఇరవై ఏండ్లుగా చేతిలో ఉన్న పని మీద ఆమెకు అనుమానం పుట్టింది. పదకొండు పెండ్లి జాకెట్లు ఇంట్లో కత్తిరించి పడున్నాయట. మున్వర్ ఆమెను బస్సెక్కమని పంపించి, అంగడి తలుపు దించి, మూటను బండి ట్యాంకు మీద పెట్టుకొని జమ్మలమడుగు దారి పట్టాడు.

ఆ ఇంట్లో నేలంతా కడప బండలు. కిటికీ కింద స్టాండు ఉంది. మున్వర్ తలకాయ బిగించాడు గానీ దాని వైపు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చొని, పెడలును చేత్తో మెల్లగా నొక్కాడు. కింది పెద్ద చక్రం ఒక చుట్టు ముందుకు పోయి, వణికి, సగం చుట్టు వెనక్కి తన్నింది. వెనక్కి తన్నిన ప్రతిసారీ పైన దారం తెగుతుంది. చక్రం నట్టు వదులైంది. దానికి తోడు ఒక బండ కుంగి, స్టాండు కాలు ఒకటి గాల్లో ఉంది. నట్టు బిగించి, సైకిలు ట్యూబు ముక్క మడిచి కాలి కింద పెట్టాడు. మొత్తం పది నిమిషాల పని.

యశోదమ్మ తొక్కి చూసింది. ఒక జాకెట్టు చెయ్యి పూర్తిగా కుట్టేసింది, ఇంకో చెయ్యి కూడా కుట్టేసింది, ఆపబుద్ధి కానట్టుంది. మున్వర్‌కు మాత్రం సిగ్గుతో ముఖం ఎర్రబడింది. రోగం కాళ్లలో ఉంటే మూడుసార్లు తలకాయను మోయించాడు. ఎందుకు మోయించాడు? ఆమె ఇల్లు దూరం కాబట్టి. సందు చివర ఇల్లయివుంటే మొదటి రోజే వచ్చి నేల మీద కూర్చునేవాడు.

మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, ఎంతియ్యాలని అడిగింది ఆమె.

"రెండొందల యాభై," అన్నాడు మున్వర్.

"పెట్రోలుకో?"

"అంతా కలిపే అక్కా. ఇంగ యాడికొచ్చినా ఇంతే."

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చేదాకా అది తన మనసులో ఉందని అతనికే తెలీదు.

ఇంటికి పోయి భార్య మహమూదాకు చెప్పే ధైర్యం చాలక, మున్వర్ ముందు పని చేసేశాడు. మంగళవారం పొద్దున ఒక రేకు ముక్కకు తెల్లరంగు పూసి, 'ఎంత దూరమైనా ఒకటే రేటు, 250' అని ఎర్రక్షరాలతో రాసి, కింద ఫోన్ నంబరు వేసి, అంగడి ముందు తగిలించాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చిన మహమూదా దాన్ని రెండుసార్లు చదివింది.

వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. మహమూదాకు నిజంగా కోపమొస్తే మాత్రం తెలుగులోకి మారుతుంది. ఆమె ఇంట్లో చీరలకు ఫాల్, పికో కుడుతుంది, మిషను సంగతీ తెలుసు, మనుషుల సంగతీ తెలుసు. ఆ రోజు ఇంకా ఉర్దూలోనే ఉంది కాబట్టి మున్వర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఊళ్లో వాళ్లు నూటయాభై నుంచి ఒక్కసారిగా నూరు ఎక్కువంటే ఎందుకిస్తారని, పులివెందుల అవతలి నుంచి ఎవరైనా పిలిస్తే వచ్చిన రూపాయలన్నీ పెట్రోలు బంకులోనే పోసి ఉత్త చేతులతో వస్తావా అని ఆమె అడిగింది. రెండూ న్యాయమైన ప్రశ్నలే.

అసలు సంగతి వేరే ఉంది. మహమూదా తమ్ముడు ముబారక్ కువైటులో ఉంటాడు. బట్టల ఫ్యాక్టరీలో మిషన్ల మెకానిక్కు కావాలని, వీసా సిద్ధంగా ఉందని, శుక్రవారంలోగా అవునో కాదో చెప్పమని ఫోన్ చేసి నాలుగు రోజులైంది. మున్వర్ అక్కడ ఒకసారి, కూతురు సుహానా పుట్టిన కొత్తలో పోయి, నాలుగేండ్లు చేసి వచ్చాడు. మళ్లీ పోవాలన్న తలపుకే అతనికి అన్నం సహించడం లేదు, కానీ ఆ మాట పైకి అనడు. ఇల్లు గడవాలి కదా. అంగడి నడిస్తే ఉంటాడు, నడవకపోతే పోతాడు. శుక్రవారం దాకా చూద్దామని ఇద్దరూ అనుకున్నారు. అలాంటి వారంలో ఈ మహానుభావుడు రేకు మీద రంగు పూశాడు.

యశోదమ్మ ఆ బోర్డు ఫోటో తెప్పించుకొని తన చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపించిందట, అది చేతులు మారి ఊళ్లు దాటింది. మంగళవారం సాయంత్రానికే జమ్మలమడుగు వైపు నుంచి ఇద్దరు, పులివెందుల దాటి కొత్తపల్లె నుంచి షాహీదాబీ అనే ముసలామె ఫోన్ చేశారు. ఊళ్లో వాళ్లు మాత్రం బోర్డు చూసి ముందుకు నడిచిపోయారు. బుధవారం మధ్యాహ్నం దాకా ఒక్క మిషను అంగడి మెట్టెక్కలేదు.

మధ్యాహ్నం తర్వాత ఆదినారాయణ వచ్చాడు. సందు చివరి ఇల్లు ఆయనది. ఆర్టీసీలో ముప్పైనాలుగేండ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. జమ్మలమడుగు లైను, పులివెందుల లైను ఆయనకు అరచేతి గీతలు. ప్రపంచంలో ప్రతిదానికీ ఒక స్టేజీ, ఆ స్టేజీకి ఒక చార్జీ ఉంటాయని ఆయన నమ్మకం. ఆడవాళ్లకు జీరో టికెట్టు వచ్చిన రోజు ఆయన అన్నం మానేశాడని కోడలు పావని చెప్తుంది. ఆ పావని మిషనుకే బెల్టు జారిపోతోంది. మున్వర్ పోయి పది నిమిషాల్లో బాగుచేసి వచ్చాడు. ఆదినారాయణ రెండొందల యాభై చేతిలో పట్టుకొని అంగడి దాకా వెంటే వచ్చి, ఇవ్వకుండా నిలబడ్డాడు.

"మా ఇల్లు ఈడికి నూటపది అడుగులు. నేనే అడుగులేసి చూసినా," అన్నాడు. "పెద్దముడియానికీ నాకూ ఒకటే టికెట్టా?"

"మిషను బాగుచేసినందుకు తీసుకుంటాండా మామా, దూరానికి కాదు."

"మరి ఆ నూరు ఎందుకు పెంచినావు? దూరానికే కదా. దూరానికి నేను దుడ్లు కట్టినాక, ఆ దూరం నాకియ్యి."

ఎటు తిప్పి చూసినా ముసలాయన చెప్పిందాంట్లో న్యాయం ఉంది. ఒళ్లు మండి, రేపు పులివెందుల దాటి పోతాండా, బండెక్కు మామా, నీ దూరం నీకిచ్చేస్తా అన్నాడు. ఆదినారాయణ నోట్లు బల్ల మీద పెట్టి, ఎన్నింటికి బయల్దేరేది అని అడిగాడు.

తమాషాకు అన్నాడనుకునేవాళ్లకు ఆదినారాయణ తెలీదు. గురువారం పొద్దున ఆరింటికి ఆయన మున్వర్ గడప ముందు ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో టిఫిన్ క్యారియరు, చంకలో నీళ్ల సీసా. ఆయన వెనకే వచ్చిన పావని, వాకిట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. మహమూదా నవ్వలేదు. పెట్రోలుకు తానిచ్చిన నోటు వైపు, బండెక్కుతున్న ముసలాయన వైపు చూసి, బరువు పెరిగితే పెట్రోలు ఇంకా ఎక్కువ తాగుతుంది అని తెలుగులో అంది. మున్వర్ గబగబా బండి తీశాడు.

ఆదినారాయణ దారి పొడవునా స్టేజీలు చెప్తూనే ఉన్నాడు. ఎర్రగుంట్లలో బస్సు ఎంతసేపు ఆపేవాడు, చిలమకూరు సిమెంటు లారీల వెనక ఎంతసేపు దుమ్ము మింగేవాడు, ముద్దనూరులో ఏ డ్రైవరు ఏ హోటల్లో దోసెలు తినేవాడు, అన్నీ. ప్రతి ఊరు రాగానే మున్వర్ భుజం తట్టి, ఇప్పటికి నా దూరం ఇంతయ్యింది అని లెక్క చెప్పేవాడు. ముద్దనూరులో టీ తాగించింది మాత్రం ఆయనే. పులివెందుల దగ్గరికొచ్చేసరికి రెండు పక్కలా చీనీ, అంటే బత్తాయి చెట్లు, అరటి తోటలు, చల్లటి గాలి. ముసలాయన పాట కూడా అందుకున్నాడు. మున్వర్ వద్దని చెప్పేంత ధైర్యం చేయలేదు.

కొత్తపల్లెలో షాహీదాబీ ఇల్లు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆమె రోడ్డు మీదే నిలబడి ఉంది. బడి పిల్లలకు యూనిఫాం కుడుతుందామె. మిషను చెడితే చీనీకాయల బండిలో పులివెందులకు పంపాలి, పంపితే ఇరవై రోజులకు గానీ తిరిగి రాదు, ఆ ఇరవై రోజులూ పిల్లలు చిరుగుల నిక్కర్లతో బడికి పోతారు. మున్వర్ మిషను అడుగున బాబిను తిరిగే షటిల్ విప్పాడు. లోపల నీలం నూగు ముద్ద కట్టి ఉంది. సూదిమొనతో దాన్ని కొద్దికొద్దిగా లాగి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, షటిల్ అంచున గరుకును సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, వేలి చివర తిప్పి చూసుకొని బిగించాడు. ఆదినారాయణ పీట మీద కూర్చొని అదంతా రెప్పవేయకుండా చూశాడు. తన కోడలి మిషనుకు కూడా ఇతను ఇంత శ్రద్ధగానే చేశాడా అన్నది ఆయన నిన్న చూసుకోలేదు, అడుగులు కొలిచే పనిలో ఉన్నాడు.

షాహీదాబీ రెండొందల యాభైతో పాటు ఇంకో నూరు మడిచి మున్వర్ జేబులో పెట్టబోయింది. అంత దూరం నుంచి వచ్చినావు బేటా, పెట్రోలుకు ఉంచుకో అంది. మున్వర్ ఆ నూరు తీసి ఆమె చేతిలోనే పెట్టాడు. బోర్డు మీద రాసింది అంతే ఖాలా అన్నాడు, పిన్నిని పిలిచినట్టు. ముప్పైనాలుగేండ్ల సర్వీసులో ఎక్కువిచ్చిన చిల్లర తిరిగిచ్చిన కండక్టర్లను వేళ్ల మీద చెప్పగలిగిన ఆదినారాయణ, తువ్వాలు దులుపుకొని లేచాడు.

"ఇంగ యాడికి?" అని అడిగాడు.

"ఇంటికే మామా."

"ఇంత దూరం వచ్చింది ఒక్క మిషనుకా?"

"పిలిచింది ఖాలా ఒక్కటే కదా."

ఆదినారాయణ ముఖం మాడిపోయింది. ఒకటే రేటన్నప్పుడు కూడా ఆయనకు ఇంత బాధ కలగలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన్ను ఏడిపించింది ఒక్కటే, ఖాళీ సీట్లు. ఇంకో నలుగురు ఎక్కేదాకా బస్సు కదలనివ్వక డ్రైవర్లతో తిట్లు తిన్న మనిషి. డెబ్బై కిలోమీటర్లు ఖాళీగా తిరిగిపోవడం ఆయన రక్తానికి సరిపడలేదు. మున్వర్ సామాన్ల సంచి కట్టుకుంటుండగా, ముసలాయన వీధి మధ్యకు పోయి, నోటికి చేతులు అడ్డం పెట్టుకొని, బస్టాండులో వేసే కేకే వేశాడు.

"కుట్టుమిషన్లు రిపేరు, కుట్టుమిషన్లు. రెండొందల యాభై, ఒకటే రేటు. బండి కదులుతాంది, మళ్లా వారం దాకా రాదు. రావాలమ్మా, రావాల."

మున్వర్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కుక్కలు మొరిగాయి. ఒక ఆమె పిండి చేతులతోనే వాకిట్లోకి వచ్చి, నిజంగానే మిషన్ల బండేనా అని అడిగింది. నిజమేనని షాహీదాబీ తన మిషను మీద కుట్టిన నిక్కరు ఎత్తి చూపించింది. అంతే. అటకల మీద నుంచి, మంచాల కింద నుంచి, కోళ్లగంపల వెనక నుంచి మిషన్లు బయటికొచ్చాయి. రెండేండ్ల కిందట ఆగిపోయిందొకటి, అత్తగారి కాలం నాటిదొకటి. మోయలేని వాళ్లు ఇంటికే రమ్మని చెయ్యి పట్టుకొని లాగారు. నేను ముందంటే నేను ముందని ఇద్దరు వాదులాడుకుంటుంటే, ఆదినారాయణ చిత్తుకాగితం చించి నంబర్లు రాసి పంచాడు. నంబరు లేనివాళ్లను నిర్దాక్షిణ్యంగా వెనక్కి పంపాడు. ఆ రోజు ఆయన వయసు ఇరవై ఏండ్లు తగ్గిందంటే అబద్ధం కాదు.

మధ్యాహ్నం షాహీదాబీ ఇంట్లో రాగిసంగటి, పప్పు. సాయంత్రం నాలుగు దాకా మున్వర్ నడుము ఎత్తలేదు. షాహీదాబీది కాకుండా ఎనిమిది మిషన్లు. నూనె సీసా అయిపోయింది, తెచ్చిన బెల్టులన్నీ అయిపోయాయి. పక్క పల్లె నుంచి వచ్చిన ఇద్దరికి వచ్చే గురువారం మొదటి రెండు నంబర్లూ ఇచ్చి, ఆదినారాయణ బండెక్కాడు.

తిరుగుదారిలో ఆయన స్టేజీలు చెప్పలేదు. ముద్దనూరు దాటినాక మున్వర్ చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"రేటు తప్పు కాదు మున్వరూ. సర్వీసు తప్పు. పిలిచినప్పుడల్లా ఒక్కరి కోసం పరిగెత్తుతాండావు. ఫలానా రోజు ఫలానా లైను అని పెట్టు. జనమే కాసుకొని ఉంటారు."

"ఊళ్లోవాళ్లు రావడం లేదు కదా మామా."

"వాళ్లతో నేను మాట్లాడతాలే. నాకంటే గట్టిగా కొట్లాడేటోడు ఎవడున్నాడు ఈ సందులో? నేనే ఒప్పుకున్న్యాక ఇంకెవడు కాదంటాడు?"

శుక్రవారం నమాజు చేసుకొని మున్వర్ ఇంటికొచ్చేసరికి, ఆదినారాయణ అట్టముక్క మీద చార్టు రాసి తెచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. సోమవారం జమ్మలమడుగు లైను, గురువారం పులివెందుల లైను, మిగతా రోజులు ఊళ్లో. పొద్దున్నుంచి ఊళ్లోనే మూడు మిషన్లు వచ్చాయి, ముసలాయన టీ అంగడి దగ్గర ఏం మాట్లాడాడో ఆయనకే తెలియాలి. అయినా మున్వర్‌కు నమ్మకం కుదరలేదు. ఒక్క మంచి రోజుతో ఏడాది గడవదు. కువైటు జీతం నెలనెలా వచ్చే జీతం. మహమూదా లెక్క తెలిసిన మనిషి, పో అనే అంటుంది. అంటే పోవాలి. ఆ మాట వినడానికి ఒళ్లు బిగబట్టుకొని కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. ముబారక్. మహమూదా స్పీకరు పెట్టి, ఫోన్‌ను చాప మధ్యలో పెట్టింది. ఏం నిర్ణయించినారు, సాయంత్రంలోగా పేరివ్వాలి అన్నాడు ముబారక్. మున్వర్, ఇంకా ఆలోచిస్తాండాం అని మొదలుపెట్టాడు. మహమూదా చెయ్యి అడ్డం పెట్టింది. సొంత తమ్ముడితో, పుట్టినప్పటి నుంచి ఉర్దూలో మాట్లాడే తమ్ముడితో, తెలుగులో అందుకుంది.

"రాడు," అంది.

ఇంత జీతం ఈడ ఎవరిస్తారు అక్కా, ఇంకోసారి ఆలోచించు అన్నాడు ముబారక్.

"ఆలోచించినా. నాలుగేండ్లు ఈయప్ప ఆడున్న్యాడు. సుహానా నడిచింది ఫోన్లో చూసినాడు. మాటలు నేర్చింది ఫోన్లోనే విన్న్యాడు. వచ్చినాక నెల దినాలు ఆ బిడ్డ నాయనను పట్టుకొని అంకుల్ అనింది. దూరానికి మేం కట్టిండే రేటు ఇంకెవురూ కట్టిండరు ముబారక్. ఇంగ కట్టం."

ముబారక్, సరే అక్కా, నేనే ఈసారి సెలవుకు తొందరగా వస్తా అన్నాడు.

మున్వర్ తల వంచుకొని చాప అంచు పీకుతున్నాడు. నెల రోజుల అంకుల్ సంగతి మహమూదా ఇన్నాళ్లూ ఒక్కసారి ఎత్తలేదు, మరిచిపోయిందనుకున్నాడు. వరండాలో ఆదినారాయణ, ఏమీ విననట్టు, అట్టముక్కను తిప్పి తిప్పి చూస్తున్నాడు.

వంటింట్లోంచి సుహానా తొంగిచూసింది. పళ్లెం చేత్తో పట్టుకొని, ఆకలితో చిరాకుపడుతూ, "అబ్బా, అన్నానికి రావా ఏంది," అని నాయనను ఉర్దూ పిలుపుతో కేకేసింది.

"వస్తాండా," అని మున్వర్ లేచాడు. లేచి, ఆదినారాయణను కూడా చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయాడు.